పరుపు పొట్టలో ఏముందో అడిగి కొనండి

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి వచ్చిన రోజు. మాది గ్రౌండ్ ఫ్లోర్. పొద్దున వాకిట్లో పాదాలు తడిపిన నీళ్లు మధ్యాహ్నానికి మంచం పట్టెలు దాటేశాయి. అత్తయ్యనీ, మా అమ్మాయినీ తీసుకుని పై వాటా వాళ్లింటికి ఎక్కేశాం. నా కుట్టు మిషన్ని మా వారూ, పక్కింటి అబ్బాయీ కలిసి మెట్ల మీదకి చేర్చారు. పరుపుల దాకా చెయ్యి ఆడలేదు.

నీళ్లు తీశాక వీధి పొడవునా పరుపులే. గోడలకి ఆనించినవి, కరెంటు స్తంభాలకి చేరేసినవి, చెత్త బండి వచ్చేదాకా ఒకదాని మీద ఒకటి పడేసినవి. నీళ్లు తాగిన పరుపుని నలుగురు పట్టినా లేపలేరు. అందుకని చాలామంది కత్తిపీటతో కోసి ముక్కలుగా బయటికి తెచ్చారు. అలా లోపలివన్నీ బయటపడ్డాయి.

నేను ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఏ గుడ్డ చేతికొచ్చినా తిరగేసి అస్తరు చూడకుండా ఉండలేను. ఆ రోజు కూడా ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని ఒక్కో పరుపూ చూసుకుంటూ నడిచాను. ఒకదాంట్లోంచి కొబ్బరి పీచు కుచ్చులు కుచ్చులుగా ఊడి, డికాషన్ రంగు నీళ్లు కారుతున్నాయి. ఇంకోదాంట్లో ఎరుపు, పసుపు, నీలం స్పాంజి ముక్కలు అతికించిన దిమ్మ. మరోదాంట్లో స్ప్రింగులు, అప్పటికే తుప్పు మొదలైంది. మెరిసే గుడ్డ, మీద పువ్వుల కుట్టు, అంచున బంగారు రంగు లేబులు ఉన్న ఒకదాని లోపల మాత్రం టీవీ అట్టపెట్టెలో ప్యాకింగుకి వేస్తారే, ఆ తెల్లటి షీటు. దానికి అటూ ఇటూ అరంగుళం స్పాంజి. ఆ ఇంటావిడ దాన్ని పదమూడు వేలకి కొన్నానని చెప్పింది.

అత్తయ్యది బూరుగు దూది పరుపు. ఆవిడ పెళ్లికి పుట్టింటివాళ్లు కుట్టించి ఇచ్చింది. మూడు నాలుగేళ్లకోసారి దూదేకులాయన్ని పిలిపించి, దూది తీయించి ఏకించి, కొత్త గుడ్డలో మళ్లీ కుట్టించుకునేవారు. ఆ పరుపులో ఏముందో ఆవిడకి గింజతో సహా తెలుసు. ఫ్రిజ్ పోయినందుకు ఒక్క మాట అనని మనిషి, ఆ పరుపుని బండిలోకి ఎత్తుతుంటే లోపలికి వెళ్లిపోయారు.

గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. అందులోనే గ్యాస్ స్టవ్, బీరువా రిపేరు, మంచాల కింద కొత్త ప్లైవుడ్, అన్నీ. పరుపుల కోసం నేను పెద్దగా తిరగలేదు. రాత్రిళ్లు అత్తయ్య చాప మీద పడుకుని మూలుగుతుంటే ఎవరికైనా తొందరగానే ఉంటుంది. వరద బాధితులకి ప్రత్యేక ధర అని బోర్డు పెట్టిన ఒక షాపులో, నడుముకి మంచిదన్న అర్థమొచ్చేలా ‘ఆర్థో’ అనీ, ‘40 డెన్సిటీ’ అనీ రాసి ఉన్న సింగిల్ పరుపు, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఐదు అంగుళాల మందం, 5,800 రూపాయలకి తీసుకున్నాను. చేత్తో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద అంకె రాసి ఇచ్చారు.

పది నెలలు. అత్తయ్య పక్కకి తిరగడానికి మంచం పట్టె పట్టుకుని లాక్కోవాల్సి వస్తోందని గమనించాను. దుప్పటి తీసి, తల దగ్గర నుంచి కాళ్ల దాకా దారం బిగించి పట్టుకోమని అమ్మాయికి చెప్పి, నడుం పడే చోట టేపు పెట్టి కొలిచాను. దారానికీ పరుపుకీ మధ్య ఒకటిన్నర అంగుళం. ఆవిడ బరువు 52 కిలోలే. షాపుకి వెళ్తే, “వాడకంలో కొంచెం కుంగుతుందమ్మా, మామూలే” అన్నారు. వారంటీ కార్డు మీద స్టాంపు లేదు, నా దగ్గర బిల్లు లేదు. ఇంక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

ఇంటికొచ్చి బ్లేడు తీసుకుని అంచు పైపింగ్ విప్పేశాను. లోపల పసుపు తిరిగిన మెత్తటి స్పాంజి, ఒకే దిమ్మ. దాన్ని చుట్ట చుట్టి, మా వీధి చివర పాత పేపర్ల కొట్టు కాటా మీద పెట్టాను. 4 కిలోల 900 గ్రాములు.

అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. డెన్సిటీ అంటే ఏంటో నాకు సరిగ్గా అర్థమయ్యేలా చెప్పింది అదే. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న స్పాంజి దిమ్మ ఎన్ని కిలోలు తూగుతుందో అదే డెన్సిటీ. అయితే మన పరుపు ఎంత తూగాలి? పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి, 61,000తో (ఆ మీటరు దిమ్మలో దాదాపు అన్ని ఘనపు అంగుళాలు ఉంటాయి) భాగించి, వాళ్లు చెప్పిన డెన్సిటీతో గుణించాలి. 72 ఇంటూ 36 ఇంటూ 5 అంటే 12,960. దాన్ని 61,000తో భాగిస్తే 0.2125 దాకా వస్తుంది. నలభైతో గుణిస్తే ఎనిమిదిన్నర కిలోలు. మాది ఐదు కిలోలైనా లేదు. అంటే నలభై అని చెప్పి ఇరవై మూడు అమ్మారు. అమ్మాయి లెక్క కాగితం నా ముందు పెట్టినప్పుడు నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. రెండు మీటర్ల జాకెట్టు గుడ్డలో పావు మీటరు తక్కువైతే కొలిచి వెనక్కి పంపించేదాన్ని, ఏడేళ్లో ఎనిమిదేళ్లో రోజూ ఒళ్లు ఆనించాల్సిన వస్తువుని కొలవకుండా తెచ్చాను.

ఆ లెక్క కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. మీరు కూడా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. షాపులో కాటా ఉండకపోవచ్చు, కానీ బరువు ఎంతో చెప్పమని అడగొచ్చు, ఇంటికి తెచ్చాక తూచుకోవచ్చు. తూనిక తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా అని కొనేముందే అడగండి. ఆ ప్రశ్నకి షాపాయన మొహం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కవరు బరువు కొంచెం ఉంటుంది, అది తీసెయ్యాలి. రెండు మూడు రకాల పొరలు ఉన్న పరుపైతే ఏ పొర ఎంత మందమో, ఏ డెన్సిటీనో విడివిడిగా అడిగి లెక్క కట్టాలి.

బరువు ఒక్కటీ చాలదు. రీబాండెడ్ అని ఒకటుంది, వీధిలో చూశానని చెప్పానే, రంగు రంగుల ముక్కలు అతికించింది. స్పాంజి ఫ్యాక్టరీల్లో మిగిలిన తుక్కుని జిగురుతో కలిపి ఒత్తి చేస్తారు. అది మామూలు స్పాంజి కంటే చాలా బరువు తూగుతుంది, గట్టిగానూ ఉంటుంది. అడుగు పొరగా వేస్తే తప్పులేదు. దానితోనే మొత్తం నింపి ‘ఆర్థో’ అని పేరు పెట్టినప్పుడే పేచీ. డెన్సిటీ వేరు, గట్టితనం వేరు అని కూడా నాకు ఇన్నాళ్లూ తెలియదు. డెన్సిటీ ఎక్కువున్నా మెత్తగా ఉండే స్పాంజి ఉంటుంది, తక్కువ ఉన్నా గట్టిగా తగిలేది ఉంటుంది. గట్టితనం మన ఒంటికి తగిలేది. డెన్సిటీ ఎన్నేళ్లు నిలబడుతుందో చెప్పేది. చేత్తో నొక్కితే మొదటిదే తెలుస్తుంది.

అత్తయ్యని ఎముకల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, “ఇప్పుడు బాగా గట్టిది కొంటాం సార్, బల్లలా ఉండేది” అన్నాను. ఆయన వద్దన్నారు. బల్ల మీద పక్కకి తిరిగి పడుకుంటే భుజమూ, తుంటీ మాత్రమే ఆనతాయి, నడుం గాల్లో వేలాడుతుంది, రాత్రంతా కండరాలు దాన్ని మోస్తూనే ఉంటాయి అని చెప్పారు. స్పెయిన్‌లో నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి బాగా గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారట. మధ్యరకం మీద పడుకున్నవాళ్లే నొప్పి విషయంలో మెరుగ్గా ఉన్నారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిందని అమ్మాయి ఫోన్లో వెతికి చూపించింది. నడుం నొప్పి అనగానే గట్టి పరుపు అని మన ఇళ్లల్లో ఎంతమంది పెద్దవాళ్లని చెక్కల మీద పడుకోబెట్టామో అనిపించింది.

ఈసారి శ్రావణమాసంలో, తొందర లేకుండా, అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్లాను. పడుకునే మనిషి లేకుండా పరుపు కొనకూడదు. కొలతలు తీయకుండా జాకెట్టు కుట్టలేం కదా. ఏలూరు రోడ్డులో రెండు, బందరు రోడ్డులో ఒకటి, మొత్తం మూడు షాపులు తిరిగాం. మొదటి షాపులో ఆవిడ పరుపు అంచున కూర్చుని, “బాగానే ఉందమ్మాయ్, వెళ్దాం పద” అన్నారు. నలుగురు మగవాళ్ల ముందు పడుకోవడానికి ఆవిడకి మొహమాటం. రెండో షాపులో యజమాని పెద్దాయన. సంగతి చెబితే కుర్రాళ్లని ముందుకి పంపించి, ఫ్యాను వేసి, “మీకెంతసేపు కావాలంటే అంతసేపు పడుకోండమ్మా” అని ఆయన కూడా బయటికెళ్లారు. అత్తయ్య చీర కుచ్చిళ్లు పాదాల మీదకి లాక్కుని, ఇంట్లో పడుకునేలా కుడి పక్కకి తిరిగి పడుకున్నారు. నేను టేపు తీసి మెడ వెనక ఎముక మీద ఒక కొస, నడుం కింద ఒక కొస పెట్టి బిగించాను. వెన్ను టేపు వెంటే ఉందా, కిందకి జారిందా, పైకి లేచిందా అని చూడాలి. మెత్తటి పరుపు మీద తుంటి దిగిపోయి, వెన్ను టేపు కిందకి ఉయ్యాలలా వంగింది. బాగా గట్టిదాని మీద నడుం దగ్గర నా పిడికిలి పట్టేంత సందు. మూడోదాని మీద టేపూ వెన్నూ ఒకే దారిలో వచ్చాయి. వెల్లకిలా పడుకోబెట్టి నడుం కింద అరచెయ్యి దూర్చి కూడా చూశాను. సులువుగా దూరిపోతే గట్టి ఎక్కువ, అసలు దూరకపోతే మెత్తన ఎక్కువ, ఒరుసుకుంటూ వెళ్తే సరి.

పావుగంట పడుకోనివ్వండి. మొదటి రెండు నిమిషాల్లో ఏ పరుపైనా హాయిగానే ఉంటుంది. పది నిమిషాలు దాటాకే భుజం తిమ్మిరెక్కుతోందా, వీపు చెమట పడుతోందా తెలుస్తుంది. అత్తయ్యకి కన్ను అంటుకుంది. నేను లేపలేదు.

చెమట సంగతి మనకి చిన్నది కాదు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో పడుకునేవాళ్లకి మెమరీ ఫోమ్ వద్దంటాను. 1966లో నాసా కోసం, విమానం సీట్లలో వెయ్యడానికి తయారుచేసిన పదార్థం అది. ఒంటి వేడికి మెత్తబడి ఆకారం తీసుకుంటుంది, ఆ వేడిని పట్టుకునే ఉంటుంది. ఏసీ గదిలో, పైన ఒక పలచటి పొరగా అయితే బాగుంటుంది. లేటెక్స్ అంటే రబ్బరు పాలతో చేసింది. గాలి ఆడుతుంది, చాలా ఏళ్లు నిలుస్తుంది, కానీ మా చేతికి అందే ధర కాదు. దాన్ని కొనేవాళ్లు సహజ రబ్బరు ఎంత, సింథటిక్ ఎంత అని రాయించుకుని కొనండి. కొబ్బరి పీచుకి రబ్బరు పాలు పట్టించి చేసే కాయిర్ మన ఎండలకి సరిపోయే సరుకు. పీచు మధ్య నుంచి గాలి ఆడుతుంది కాబట్టి వీపు కాగదు. నాసిరకంది అయితే ఒక్కసారి చరిస్తే చాలు, గోధుమ రంగు పొడి రాలుతుంది. షాపులో తెల్ల కర్చీఫ్ పరిచి, దాని పైన పరుపు పెట్టించి నాలుగు దెబ్బలు చరిచి చూశాను. వాళ్లేమీ అనుకోలేదు.

అత్తయ్యకి చివరికి తీసుకున్నది నాలుగంగుళాల కాయిర్ మీద అంగుళం మెత్తటి స్పాంజి ఉన్నది. కవరుకి ఒక పక్క జిప్పు ఉంది. జిప్పు లేని పరుపుని ఈసారి నేను ముట్టుకోలేదు. జిప్పు తీసి చూపించమంటే చూపించారు, పొరలు కళ్లతో చూశాను, వేలితో గిల్లాను. ధర 9,400. మొదటిదానికంటే మూడు వేల ఆరొందలు ఎక్కువ. ఆ మొదటి 5,800 వృథా అయ్యాయని ఇప్పుడు కూడా బాధగానే ఉంది.

మా ఇద్దరికీ పాకెట్ స్ప్రింగ్ తీసుకున్నాం. మా వారు రాత్రి డ్యూటీ నుంచి రెండింటికి వచ్చి పడుకుంటే నాకు మెలకువ వచ్చేది. మామూలు స్ప్రింగు పరుపులో తీగలన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి కాబట్టి ఒకళ్లు కదిలితే రెండోవాళ్లకి తెలుస్తుంది. పాకెట్ రకంలో ఒక్కో స్ప్రింగు ఒక్కో గుడ్డ సంచిలో విడిగా ఉంటుంది. షాపులో నేను కళ్లు మూసుకుని పడుకుని, ఆయన్ని పక్కన కూర్చుని లేవమన్నాను. మూడుసార్లలో ఒకసారి నాకు తెలియనే లేదు. అంచున కూర్చుని చెప్పులు వేసుకున్నట్టు ముందుకి వంగి కూడా చూడండి. అంచు జారిపోయే పరుపు పెద్దవాళ్లున్న ఇంట్లో ప్రమాదం.

మంచం కొలత గురించి ఒక మాట. వడ్రంగి చేసిన మంచాలు ఆరడుగులు, ఆరుంపావు, ఆరున్నర అని నోటితో చెప్పుకుంటాం గానీ టేపు పెడితే అరంగుళం అటూ ఇటూ ఉంటాయి. చట్రం లోపలి వైపు, తల దగ్గర, మధ్యలో, కాళ్ల దగ్గర మూడు చోట్లా కొలిచి తక్కువది రాసుకోండి. మా డబుల్ మంచం తల దగ్గర 60 అంగుళాలు, కాళ్ల దగ్గర 59న్నర. అరవై వెడల్పు పరుపు తెచ్చి కుక్కితే మధ్యలో ఉబ్బి ఉండేది. అడుగున చెక్క పట్టీలుంటే వాటి మధ్య సందు కూడా చూడండి. అరచెయ్యి అడ్డంగా దూరేంత సందుంటే ఎంత మంచి స్పాంజి అయినా అక్కడ దిగుతుంది. కొత్త పరుపు కింద పాత వంగిన ప్లైవుడ్ వేసి కంపెనీని తిడితే లాభం లేదు. చాలా వారంటీ కాగితాల్లో మంచం అడుగు సమంగా ఉండాలనీ, పరుపు మీద మరక ఉండకూడదనీ, ఇంత లోతు దాటి కుంగితేనే లెక్కలోకి వస్తుందనీ ఉంటుంది. ఆ లోతు ఎంతో కొనేముందు చదవండి. పదేళ్ల వారంటీ అన్నా, చాలాచోట్ల కొన్నేళ్ల తర్వాత పూర్తిగా మార్చి ఇవ్వరు, వాడిన కాలానికి డబ్బు కోసుకుంటారు. పక్కా బిల్లు మీద తేదీ, సైజు, మందం, పొరలు, డెన్సిటీ రాయించుకోండి. నోటితో చెప్పింది కాగితం మీద రాయడానికి ఇష్టపడని చోట ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి వంద రాత్రులు వాడి చూడండి అని ఇస్తున్నారు. హైదరాబాద్‌లో మా చెల్లి అలాగే కొనుక్కుంది, బానే ఉందంటోంది. చుట్ట చుట్టి వస్తుంది కాబట్టి విప్పాక ఒకట్రెండు రోజులు ఆరనిచ్చింది. మీ పిన్‌కోడ్‌కి వెనక్కి తీసుకెళ్తారా, డబ్బు మొత్తం ఇస్తారా అన్నది చూసుకుంటే చాలు.

అత్తయ్య ఇప్పుడు రాత్రి మంచం పట్టె పట్టుకోకుండానే పక్కకి తిరుగుతున్నారు. నొప్పి మొత్తం పోలేదు, ఆవిడకి డెబ్భై నాలుగేళ్లు. కానీ పొద్దున లేచి కాఫీ పెట్టుకునేదాకా మునుపటిలా గోడ పట్టుకోవడం లేదు.

దాని మీదకి నేను మందపాటి కాటన్ గుడ్డతో, చుట్టూ మూడు పక్కలా జిప్పు పెట్టి గలీబు కుట్టాను. లోపలి వైపు చెరగని పెన్నుతో కొన్న తేదీ, బిల్లు నంబరు, తెచ్చిన రోజు తూకం రాశాను. కాళ్ల వైపు ‘1’, తల వైపు ‘2’ అని దారంతో కుట్టాను. దసరాకి తల వైపు కాళ్ల వైపుకి మార్చాం. మళ్లీ సంక్రాంతికి మార్చాలి.